కాంటా మీద పిల్లలు

మేడారం జాతరకు పోయినవాళ్ళందరూ చూసే ఉంటారు. బెల్లం దుకాణం ముందు కాంటా ఉంటుంది. ఒక పక్క పిల్లనో పిలగాడినో కూర్చోబెడతారు. ఇంకో పక్క బెల్లం ముద్దలు పేరుస్తారు. రెండు పక్కలూ సరితూగగానే పిల్లను దింపి సంకన ఎత్తుకొని, బెల్లాన్ని నెత్తిన పెట్టుకొని గద్దెల దిక్కు నడుస్తారు. ఆ బెల్లాన్ని అక్కడ ఎవరూ బెల్లం అనరు. బంగారం అంటారు.

మా చిట్యాల చుట్టుపక్కల ఇంకో కాంటా కూడా ఉంది. అది పత్తి చేను గట్టు మీద ఉంటుంది. దసరా దాటి పత్తి పగిలిన దగ్గర నుంచి చేన్లలో ఏరేవాళ్ళ వరుసలు కనబడతాయి. ఆ వరుసల్లో పిల్లలు కూడా ఉంటారు. పొద్దుగూకే వేళ ఎవరు ఏరిన పత్తి వాళ్ళు మూటగట్టి తెస్తే కాంటా పెడతారు. కిలోకు ఇంత అని లెక్క కట్టి ఇస్తారు. ఆ రోజుల్లో బడి హాజరు పట్టీ చూస్తే, కాంటా మీద ఎన్ని కిలోలు తూగాయో పట్టీలో అన్ని ఖాళీలు కనబడతాయి. పత్తి అయిపోతే మిరప కోతలు వస్తాయి. ఉపాధ్యాయులకు ఇది మేం చెప్పనక్కర లేదు.

రెండు కాంటాల మీదా ఒక పక్క పిల్ల, ఇంకో పక్క సొమ్ము. అయినా రెండూ ఒకటి కావు. మేడారంలో తూకం అయ్యాక సొమ్ము పోతుంది, పిల్ల ఇంటికి వస్తుంది. చేను గట్టు మీద సొమ్ము ఇంటికి వస్తుంది, పిల్లలో ఏదో చేనులోనే ఉండిపోతుంది. ఈ తేడా ఏమిటన్నదే ఈ వ్యాసంలో మేం అడుగుతున్న ప్రశ్న.

మాలో మేడారం పోయేవాళ్ళం ఉన్నాం, సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టేవాళ్ళం ఉన్నాం, ఆదివారం చర్చికి పోయేవాళ్ళం ఉన్నాం. మన గూడేల్లో, తండాల్లో చర్చి ఇప్పుడు కొత్త సంగతి కాదు. అందుకని పిల్లల విలువ గురించి, సంపద విలువ గురించి క్రైస్తవం ఏం చెప్పింది, క్రైస్తవులు ఏం చేశారు అని చూడటం మనకు మన ఇంటి సంగతి చూడటమే. ఆ చెప్పినదానికీ ఈ చేసినదానికీ మధ్య ఎంత దూరం ఉందో కూడా మొహమాటం లేకుండా చూడాలి.

ముందుగా మనందరికీ అలవాటైన ఒక మాట తీసుకుందాం. "పిల్లలే మా ఆస్తి" అంటాం. పేదవాళ్ళు అభిమానంగా అనే మాట ఇది. బడి వార్షికోత్సవంలో సారు అంటారు. పాస్టరు గారు 127వ కీర్తన చదివి, పిల్లలు దేవుడిచ్చిన స్వాస్థ్యం అని వివరిస్తారు. ఆ కీర్తన పిల్లల్ని యోధుడి చేతిలో ఉండే బాణాలతో కూడా పోలుస్తుంది. మాట మంచిదే. పొలం లేనివాడు కూడా తాను ఏమీ లేనివాడిని కాదని తల ఎత్తుకొని చెప్పుకోవడానికి పనికివస్తుంది.

కానీ ఆస్తి అనే మాటకు తన గుణాలు తనకుంటాయి. ఆస్తిని కుదువ పెట్టవచ్చు, అమ్మవచ్చు. ఇది ఎక్కువ ధర పలుకుతుంది, అది తక్కువ పలుకుతుంది అని పోల్చవచ్చు. ఆస్తి లేనివాళ్ళను చిన్నచూపు చూడవచ్చు. మన చుట్టూ చూస్తే ఇవన్నీ పిల్లల విషయంలో జరిగినవే.

కుదువ పెట్టడంతో మొదలుపెడదాం. నిజాం కాలంలో భగేలా అనే పద్ధతి ఉండేది. అప్పు తీసుకున్నవాడు అప్పు తీరేదాకా దొర దగ్గర జీతం ఉండాలి. వడ్డీ పెరిగేది, జీతం పెరిగేది కాదు. తండ్రి పోతే ఆ అప్పు కొడుకు నెత్తిన పడేది. పలక పట్టవలసిన పిలగాడు పశువుల వెంట పోయేవాడు. దేశమంతటికీ వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది 1976లో. అంటే ఇది మన తాతల కాలం నాటి మాటే, పురాణం కాదు.

ఈ కథే బైబిల్లో ఉంది. రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయంలో ఒక విధవరాలు ఎలీషా ప్రవక్త దగ్గరికి వచ్చి మొర పెట్టుకుంటుంది. భర్త చనిపోయాడు, అప్పు మిగిలింది, అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను బానిసలుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎందుకు అప్పు చేశావని ఎలీషా ఆమెను అడగడు. నీ కొడుకులను దేవుడే చూసుకుంటాడని చెప్పి పంపించడు. ఇంట్లో ఏముందని అడుగుతాడు. కొద్దిగా నూనె ఉంది. ఆ నూనె పెరిగి పాత్రలన్నీ నిండాక, అమ్మి అప్పు తీర్చమంటాడు, మిగిలినదానితో పిల్లలతో కలిసి బతకమంటాడు. అద్భుతాన్ని నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నమ్మరు. కానీ ప్రవక్త చేసిన పని ఏమిటో చూడండి. పిల్లల మీద పడిన అప్పును పిల్లల మీద నుంచి తీసేశాడు.

నెహెమ్యా గ్రంథం ఐదో అధ్యాయంలో ఇంకా బాగా కనబడుతుంది. కరువు వచ్చింది. జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువ పెట్టి గింజలు తెచ్చుకున్నారు. కొందరు కొడుకులను, కూతుళ్ళను దాస్యానికి అప్పగించవలసి వచ్చింది. వాళ్ళు వచ్చి ఏడిస్తే నెహెమ్యాకు కోపం వచ్చింది. ఆ కోపం తల్లిదండ్రుల మీద చూపలేదు. అప్పిచ్చిన పెద్దమనుషులను సభలో నిలబెట్టి, పొలాలు తిరిగి ఇవ్వమన్నాడు, తీసుకున్న వడ్డీ కూడా తిరిగి ఇవ్వమన్నాడు. పిల్లను పనికి పంపినందుకు తల్లిని తిట్టడం మనలో అందరికీ తెలుసు. అప్పిచ్చినవాడిని సభలో నిలబెట్టడం ఎంతమందికి తెలుసు?

ఇక లెక్క సంగతి. యోబు కథ చాలామంది వినే ఉంటారు. అతనికి 7 గురు కొడుకులు, 3 గురు కూతుళ్ళు. 7,000 గొర్రెలు, 3,000 ఒంటెలు, 500 జతల ఎడ్లు, 500 గాడిదలు. ఒక్క రోజులో పిల్లలూ పోయారు, పశువులూ పోయాయి. చాలా బాధలు పడ్డాక కథ చివర్లో దేవుడు అతనికి పోయినదంతా రెండింతలుగా ఇచ్చాడంటారు. గొర్రెలు 14,000, ఒంటెలు 6,000, ఎడ్లు 1,000 జతలు, గాడిదలు 1,000. మరి పిల్లలు? 14 మంది కొడుకులు, 6 గురు కూతుళ్ళు కావాలి కదా? కాలేదు. మళ్ళీ 7 గురు కొడుకులు, 3 గురు కూతుళ్ళు మాత్రమే.

ఈ లెక్క ఎందుకు తప్పింది? పాతకాలం నుంచీ కొందరు చెప్పే జవాబు మాకు నచ్చింది. పోయిన గొర్రె స్థానంలో ఇంకో గొర్రె వస్తుంది, కాబట్టి గొర్రెలను రెండింతలు చేయవచ్చు. పోయిన బిడ్డ స్థానంలో ఇంకో బిడ్డ రాదు. చనిపోయిన పదిమంది కూడా యోబు పిల్లలే, లెక్కలో ఉన్నవాళ్ళే. పాత పదిమంది, కొత్త పదిమంది కలిపితేనే ఇరవై. బిడ్డను పోగొట్టుకున్న తల్లి "నాకు నలుగురు, ముగ్గురున్నారు" అని చెప్పడం మన ఇళ్ళల్లో విన్నదే. ఆమె లెక్కే యోబు గ్రంథం లెక్క. జనాభా లెక్కలవాళ్ళు రాసుకునే లెక్క వేరు.

ఆ కథలో ఇంకో సంగతి ఉంది. రెండోసారి పుట్టిన కొడుకుల పేర్లు గ్రంథం చెప్పదు. కూతుళ్ళ పేర్లు చెబుతుంది. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. తండ్రి వాళ్ళకు అన్నదమ్ములతో పాటు ఆస్తిలో భాగం ఇచ్చాడని కూడా చెబుతుంది. ఆడపిల్లలకు ఆస్తి హక్కు గురించి మాట్లాడేటప్పుడు మనం ఇది గుర్తు పెట్టుకోవాలి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదని అందులోనే రాసి ఉంది. ఇతర ఇళ్ళల్లో కూతురు కోర్టుకు పోయి చూపించే చట్టాన్ని మన కూతురు అంత తేలిగ్గా చూపించలేదు. అది మన ఆచారాన్ని కాపాడటానికి పెట్టిన మినహాయింపే. కానీ మన ఆచారం కూతురికి ఏం ఇస్తున్నదో మనమే అడగాలి.

ఇప్పుడు సువార్తల దగ్గరికి వద్దాం. యేసు పిల్లలను దగ్గరికి తీసుకున్న సంగతి అందరికీ తెలుసు. ఆదివారపు బడిలో గోడ మీద ఆ బొమ్మ ఉంటుంది. ఆ సంగతి వెంటనే ఏం వస్తుందో చాలామంది గమనించరు. మత్తయి 19వ అధ్యాయం, మార్కు 10వ అధ్యాయం, లూకా 18వ అధ్యాయం తెరిచి చూడండి. మూడింటిలోనూ పిల్లల సంగతి అయిపోగానే వచ్చేది ధనవంతుడి సంగతి.

మొదట కొందరు పిల్లలను తీసుకొస్తారు. శిష్యులు కసురుకుంటారు. ఎందుకు కసురుకున్నారు? గురువుగారి సమయం విలువైనది, పిల్లల వల్ల వచ్చేది ఏమీ లేదు. వాళ్ళు ఇల్లు ఇవ్వలేరు, భోజనం పెట్టలేరు, నలుగురిలో పేరు తేలేరు. యేసు శిష్యుల మీద కోపపడి పిల్లలను పిలుచుకుంటాడు. దేవుని రాజ్యం ఇలాంటివాళ్ళదే అంటాడు. తర్వాత ఒక మనిషి వస్తాడు. మంచివాడే. ఆజ్ఞలన్నీ పాటించినవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. అతన్ని శిష్యులు కసరలేదు. ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి తన వెంట రమ్మని యేసు అతనితో అంటాడు. చాలా ఆస్తి ఉన్నవాడు కనుక దుఃఖపడుతూ వెళ్ళిపోతాడు.

ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళు లోపలికి వచ్చారు. నిండు చేతులతో వచ్చినవాడు బయటికి పోయాడు. పిల్లలు అమాయకులని, ముద్దొస్తారని అక్కడ చెప్పలేదు. పిల్లలు ఆశీర్వాదమనీ, ముసలితనంలో ఆదుకుంటారనీ చెప్పలేదు. తల్లిదండ్రులకు వాళ్ళు ఏం తెస్తారన్న మాటే లేదు. అప్పటిదాకా పిల్ల అంటే ఇంటికి వచ్చే లాభమో నష్టమో. ఇక్కడ పిల్లను ఎవరి ఖాతాలోనూ రాయలేదు. కాంటా మీద నుంచి దింపేశారు.

ఆ కాలంలో ఇది చిన్న మాట కాదు. ఈజిప్టులో ఆక్సిరింకస్ అనే చోట తవ్వకాల్లో పాత కాగితాలు దొరికాయి. వాటిలో క్రీ.పూ. 1వ సంవత్సరం నాటి ఒక ఉత్తరం ఉంది. ఊరు విడిచి అలెగ్జాండ్రియాలో ఉన్న హిలారియన్ అనే మనిషి గర్భంతో ఉన్న భార్యకు రాశాడు. ఇంట్లో ఉన్న బిడ్డను జాగ్రత్తగా చూసుకోమంటాడు, కూలి చేతికి రాగానే పంపుతానంటాడు. మగపిల్లవాడు పుడితే ఉంచమని, ఆడపిల్ల పుడితే పారేయమని కూడా అదే ఉత్తరంలో రాస్తాడు. అతను రాక్షసుడేమీ కాదు. భార్యను మరిచిపోనని ధైర్యం చెప్పే మామూలు మనిషి. అతని లోకంలో ఆడపిల్ల ఖర్చు, అంతే. పసిబిడ్డలను చంపకూడదని తొలినాటి క్రైస్తవ బోధ గ్రంథం డిడాకే విధించిందంటే, అలాంటి లోకంలో విధించింది.

రెండువేల ఏళ్ళ కిందటి ఆ ఉత్తరం చదివి మనం ముక్కు మీద వేలేసుకోనక్కర లేదు. అది మన దగ్గరికీ వచ్చింది. లంబాడీలలో వెనకట పెళ్ళికి మగపిల్లవాడి వైపు వాళ్ళు ఇచ్చుకునేవాళ్ళు. కోయలలో ఓలి ఉండేది. మన ఇళ్ళల్లో ఆడపిల్ల పుడితే దిగులుపడేవాళ్ళు కారని పెద్దలు గర్వంగా చెబుతారు. నిజమే. కానీ అప్పుడు కూడా పిల్ల కాంటా మీదే ఉంది. పశువులో రూపాయలో ఆమెకు ఎదురుగా తూగేవి. చదువు, ఉద్యోగం, టౌను అలవాట్లు వచ్చాక ఓలి పోయి కట్నం వచ్చింది. కాంటా మారలేదు, ముల్లు మాత్రం ఇటు నుంచి అటు తిరిగింది. నిన్నటిదాకా రాబడి అయిన పిల్ల ఇవాళ ఖర్చు అయింది. పిల్ల విలువ రాబడిలో ఉందని మనం ఒప్పుకున్నాం కనుకనే, రాబడి పోయిన నాడు ఆమెకు విలువ లేకుండా పోయింది.

దాని ఫలితం ఘోరంగా కనబడింది నల్లగొండ, మహబూబ్‌నగర్ తండాల్లో. 1999లో ఒకసారి, 2001లో మళ్ళీ, లంబాడీ ఆడశిశువులను మధ్యవర్తులు కొని హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థలకు చేరవేస్తున్నారని బయటపడింది. పోలీసులు దాడులు చేశారు, అరెస్టులు జరిగాయి. తల్లి చేతికి వచ్చింది కొన్ని వందలో వేలో. విదేశీ దంపతులు కట్టింది డాలర్లలో. ఆ సంస్థల్లో క్రైస్తవ సేవ పేరు పెట్టుకున్నవి కూడా ఉన్నాయి. యేసు కాంటా మీద నుంచి దింపిన పిల్లను ఆయన పేరు చెప్పుకొనేవాళ్ళే మళ్ళీ ఎక్కించారన్న ఆరోపణ అది. దానికంటే పెద్ద నింద ఏముంటుంది?

అప్పట్లో కొందరు ఒక వాదన చేశారు. ఇప్పటికీ చేసేవాళ్ళున్నారు. తండాలో ఉంటే ఆ పిల్ల చచ్చిపోయేది, లేకపోతే కూలి చేసుకు బతికేది, అమెరికాలోనో యూరపులోనో మంచి ఇంట్లో పెరిగితే తప్పేమిటి అని. ఈ వాదనను తేలిగ్గా తీసేయలేం. దత్తత తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది ప్రేమతోనే తీసుకొని ఉంటారు. దిక్కులేని బిడ్డకు ఇల్లు దొరకడం మంచి పనే. అసలు మన సమ్మక్క కథే దొరికిన బిడ్డ కథ. అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిపిల్లను కోయదొరలు చూసి గూడేనికి తెచ్చి పెంచుకున్నారని చెప్పుకుంటాం.

కానీ తేడా చూడండి. సమ్మక్కను తెచ్చినవాళ్ళు ఎవరికీ రూపాయి ఇవ్వలేదు, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. ఎవరి ఒడిలో నుంచీ లాక్కోలేదు. ధనవంతుల ఇల్లు కనుక పిల్లకు మేలు అన్నదే న్యాయమైతే, మన పిల్లల్లో ఎవరూ మన దగ్గర ఉండకూడదు. ప్రతి గూడెం కంటే ధనవంతమైన ఇల్లు ఎక్కడో ఒకచోట ఉంటుంది. సంపద ఉన్నచోటికి పిల్ల పోవాలా, పిల్ల ఉన్నచోటికి సంపద రావాలా? మన దేశపు సుప్రీంకోర్టు 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసు తీర్పులో విదేశీ దత్తతలకు నియమాలు పెట్టింది. ముందు ఈ దేశంలోనే ఇల్లు వెతకాలని, పిల్లల మీద వ్యాపారం జరగకూడదని చెప్పింది. 2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం వల్లనో ఆడపిల్ల అనో బిడ్డను వదులుకోవడాన్ని ఒప్పుకోవద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు వదులుకోవడాన్ని ఆపగలదు. వదులుకోవలసి రావడాన్ని ఆపలేదు.

ఆ తల్లుల గురించి ఒక మాట. వాళ్ళను కసాయివాళ్ళన్నవాళ్ళు ఉన్నారు. సొలొమోను తీర్పు గుర్తు తెచ్చుకుందాం. ఒక బిడ్డ కోసం ఇద్దరు ఆడవాళ్ళు తగవుపడ్డారు. రాజు కత్తి తెప్పించి బిడ్డను రెండు ముక్కలు చేయమన్నాడు. నిజమైన తల్లి బిడ్డను అవతలి ఆమెకే ఇచ్చేయండి, చంపకండి అన్నది. వదులుకున్నదే తల్లి. దేవరకొండ దిక్కు తండాలో బిడ్డను అప్పగించిన తల్లి ప్రేమ లేక ఇచ్చిందని ఎవరు చెప్పగలరు? ఆ కథలో కత్తి రాజు చేతిలో ఉంది, చివరికి రాజు దాన్ని దించాడు. ఈ కథలో కత్తి కట్నం చేతిలో, అప్పు చేతిలో, మగపిల్లవాడు కావాలన్న అత్తింటి చేతిలో ఉంది. దాన్ని ఎవరూ దించలేదు. తల్లిని మాత్రం దోషిని చేశారు.

ఇక ఇవాళ్టి మాట. చర్చికి పోయే ఇళ్ళల్లో కట్నం ఆగిందా? ఆగలేదు. పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు గుడిలో చదువుతారు, కట్నం సంగతి అంతకు ముందే ఇంట్లో తేలిపోతుంది. సాక్ష్యాలు వినండి. కొడుక్కి ఉద్యోగం వచ్చింది, కారు కొన్నాం, దేవుడు దీవించాడు అంటారు. కూలికి పోయే కొడుకు ఉన్న తల్లి లేచి సాక్ష్యం చెప్పదు. ఆమెకు దీవెన లేదా? పిల్లలు లేని ఆడమనిషి మన తండాలోనూ చర్చిలోనూ వెనక వరుసలోనే కూర్చుంటుంది. పిల్లలు ఆస్తి అయితే ఆమె దివాలా తీసిన మనిషి అన్నట్టే కదా. యేసుకు పిల్లలు లేరు. పౌలుకు పెళ్ళాం లేదు. పిల్లలు లేనివాళ్ళను తక్కువ చేయడానికి క్రైస్తవంలో చోటు లేదు, అయినా చోటు చేసుకున్నాం.

హాస్టళ్ళ సంగతి కూడా చెప్పాలి. మనలో చాలామంది మిషన్ హాస్టళ్ళలో అన్నం తిని చదువుకున్నవాళ్ళం. ఆ రుణం మరవం. కానీ కొన్నిచోట్ల పిల్లల ఫొటోలు తీసి, నంబరు వేసి దాతలకు పంపే పద్ధతి ఉంది. పాత చొక్కాతో, దిగులు మొహంతో ఉన్న ఫొటోకు డబ్బు ఎక్కువ వస్తుందని తెలిసినప్పుడు, పిల్ల నవ్వకుండా ఉండాలని ఎవరో ఒకరికి అనిపిస్తుంది. అక్కడ మళ్ళీ కాంటా వచ్చినట్టే. అన్నం పెట్టే చెయ్యి కూడా అప్పుడప్పుడు తూకం వేస్తుంది.

మన ఇళ్ళు మాత్రం? కొడుకును ఫీజు కట్టే ఇంగ్లీషు మీడియం బడికి, కూతురిని ఆశ్రమ పాఠశాలకు పంపే ఇళ్ళు మనవి కావా? ఆశ్రమ పాఠశాల తక్కువని మేం అనడం లేదు, మాలో చాలామంది అక్కడివాళ్ళమే. డబ్బు ఎవరి మీద పెట్టాలో ఎంచుకోవలసి వచ్చినప్పుడు మన చెయ్యి ఎటు పోతున్నదన్నదే ప్రశ్న.

దీనికి ఎదురు ప్రశ్న ఒకటి ఎప్పుడూ వస్తుంది. పూట గడవని ఇంట్లో ఈ మాటలు ఎందుకు, పిల్ల పత్తి ఏరకపోతే పొయ్యి మీద కుండ ఎట్లా ఉడుకుతుంది అని. న్యాయమైన ప్రశ్నే. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చే పని చేసింది. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. వాళ్ళ అనుభవం చెప్పింది ఒకటే. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆశ లేదన్నది అబద్ధం. బడి పిల్లను నిజంగా తీసుకోవడానికి సిద్ధపడి, ఊరంతా ఒక మాట మీద నిలబడితే, పేదలు కూడా పిల్లలను పని మాన్పించి పంపారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ చదువు హక్కు అనే చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

పేదలు ఇవ్వలేరన్నది కూడా నిజం కాదు. మన మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ అందుకు సాక్షి. 1912లో అక్కడ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన సంఘంలో ఎక్కువమంది భూమి లేని కూలీలు. పేదవాళ్ళ దగ్గర తీసుకోకూడదని ఆయన అనుకోలేదు. ఇవ్వడం కూడా మనిషి గౌరవమే అన్నాడు. ఆడవాళ్ళు వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేవాళ్ళు. ఆ సంఘాల పల్లెల్లో బడులు నడిచాయి, పంతుళ్ళు నిలిచారు. పగలంతా పశువుల వెంట ఉండే పిల్లలకు రాత్రిబడి నడిపిన ఊళ్ళు ఉన్నాయి. దూరదేశం నుంచి వచ్చిన డబ్బు గొప్పదే కావచ్చు. కానీ ఆ పిడికెడు బియ్యంలో పిల్ల ఫొటో లేదు.

పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో ఉత్తరంలో ఒక సంగతి చెబుతాడు. కూడబెట్టవలసింది తల్లిదండ్రులు పిల్లల కోసమే గాని, పిల్లలు తల్లిదండ్రుల కోసం కాదని. ఆయన వేరే సందర్భంలో అన్నాడు, అయినా మాకు కావలసిన కొలత అందులో ఉంది. సంపద ఎటు నుంచి ఎటు పోతున్నదో చూస్తే చాలు. పిల్ల దిక్కు పోతుంటే అది ప్రేమ. పిల్ల నుంచి మన దిక్కు వస్తుంటే మనం ఎన్ని తియ్యటి మాటలు చెప్పినా అది బేరమే.

దీనర్థం పిల్లలు పని ముట్టకూడదని కాదు. తల్లి వెంట ఇప్పపువ్వు ఏరడం, తాత వెంట మేకలు తోలుకుపోయి చెట్ల పేర్లు నేర్చుకోవడం మన చదువులో భాగమే. తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. పిల్ల అలసిపోతే పని ఆగుతుందా? తాత దగ్గర ఆగుతుంది. కిలోల లెక్క దగ్గర ఆగదు.

అందుకని "పిల్లలే మా ఆస్తి" అన్న మాటను మార్చుకుందామని మా విన్నపం. పిల్లలు మన ఆస్తి కాదు, మనం వాళ్ళకు బాకీ ఉన్నాం. బడి బాకీ ఉన్నాం, కూతురికి భూమిలో భాగం బాకీ ఉన్నాం, కట్నం లేని పెళ్ళి బాకీ ఉన్నాం, మన భాష బాకీ ఉన్నాం. పెళ్ళికి ఎదిగిన యువకులు ఒక మాట ఈ సంవత్సరమే చెప్పగలరు: మాకు కట్నం వద్దు అని. ఉపాధ్యాయులు పత్తి కాలంలో ఖాళీగా ఉన్న పేర్ల ఇళ్ళకు పోయి, తల్లిని తిట్టకుండా, ఆ ఇంటి అప్పు ఎంత, ఎవరి దగ్గర అని అడగగలరు. పాస్టర్లు సాక్ష్యాల వేళ కూలి కొడుకు తల్లిని కూడా లేచి మాట్లాడమనగలరు.

వచ్చే జాతరలో మళ్ళీ కాంటా కనబడుతుంది. పిల్ల ఒక పక్క, బెల్లం ఒక పక్క. అది చూసినప్పుడు మన పెద్దలు ఏం చేశారో గుర్తు చేసుకుందాం. బెల్లానికి బంగారం అని పేరు పెట్టారు, తూచారు, తల్లికి ఇచ్చేశారు. పిల్లను ఇంటికి తెచ్చుకున్నారు.